రిమార్కుల గడి

ముప్పై ఏడో కాగితం మీద అర మార్కు వేసి, ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకున్నారు మాస్టారు. టపాలో ఇంగ్లీషు నేర్పే ఆ ఆఫీసులో ఆయన పని దిద్దుబాటు, ఇంట్లో సర్దుబాటు. ఇరవై ఆరేళ్లలో చెప్పుకోదగ్గ బాటు మరొకటి లేదు. పెన్సిలు పొడికి బొటనవేలు పండిపోయింది, అంతే.

ఆ రోజు ప్రశ్న: 'మార్వలెస్' అర్థం రాసి, సొంత వాక్యంలో ప్రయోగించుము. అందరూ పుస్తకంలోంచి "ద మూన్ ఈజ్ మార్వలెస్" ఎత్తి రాశారు. చంద్రుడికి పొద్దున్నుంచి ముప్పై ఏడు దిష్టులు తగిలాయి.

తర్వాతది నాలుగు వందల పన్నెండో నంబరుది. ఎవరో లారీ మెకానిక్కు. మొహం తెలీదు, కాగితం మూల పడే నల్లటి గ్రీజు వేలిముద్ర తెలుసు. మూడేళ్లుగా తప్పుల తడక. ఇది ఆఖరి పాఠం.

అర్థం: 'నోరు తెరుచుకుని చూసేంత గొప్పది.' వాక్యం: "మై మిస్టేక్స్ ఆర్ మెనీ. ద పేషెన్స్ ఆఫ్ ద రెడ్ పెన్సిల్ ఈజ్ మార్వలెస్."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. అలవాటు కొద్దీ తప్పు వెతికారు. దొరకలేదు. పదికి పది వేశారు. రిమార్కుల గడి దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

"ఏంటి మాస్టారూ, ప్రేమలేఖా?" అంది కవర్లు అంటించే ఆవిడ.

"ఒకతను నన్ను మార్వలెస్ అన్నాడమ్మా."

"అయ్యో, ఎంత తప్పు! ఎర్రగా కొట్టెయ్యండి."

ఇద్దరూ నవ్వారు.

"నాలుగింటికి టపా వెళ్లిపోద్ది. 'గుడ్' అని పారెయ్యండి, సరిపోదూ?"

"సరిపోదు తల్లీ. ఇతని కాగితం ఇంక రాదు. ఏం చెప్పినా ఇవాళే చెప్పాలి."

ఊరందరికీ మెప్పు పంచిన చెయ్యి, తనకొచ్చిన మెప్పుకి బదులు చెప్పలేకపోయింది. ఆ కాగితం పక్కన పెట్టి మిగతావన్నీ దిద్దారు. ఎడమ భుజం రెండుసార్లు నులుముకున్నారు. చివరికి పెన్సిలు కొత్తగా చెక్కి, కాగితం దగ్గరికి లాక్కున్నారు.

ఆవిడ టపా సంచీతో వచ్చేసరికి తల బల్ల మీద వాలి ఉంది.

"కునుకు పట్టిందా మాస్టారూ?" భుజం తట్టింది. మళ్లీ తట్టింది.

ఆఫీసంతా పరిగెత్తుకొచ్చింది. డాక్టరూ వచ్చాడు, చేసేదేమీ లేక వెళ్లాడు.

గడిలో అక్షరం లేదు. వేలు ఆనిన చోట ఎర్రటి ముద్ర ఒకటుంది. ఆవిడ 'గుడ్' అని రాయబోయి, మానేసింది. కాగితం అలాగే మడిచి, కవరు అంటించి, ఆ రోజు టపాలోనే వేసింది.

బల్ల మీద ఎర్ర పెన్సిలు మిగిలింది. మొన ఇంకా అరగలేదు.