కూతాయన మధ్యాహ్నం

పొద్దున కూత వేసి మేడ దిగి వచ్చేసరికి వంటింట్లో కుళాయి కారుతోంది. మొన్న కారింది, నిన్న కారింది, ఇవాళా కారుతోంది. కింద పెట్టిన గిన్నె నిండిపోయి, నీళ్ళు గట్టు మీంచి నేలకి దిగి గడప దాకా వచ్చేశాయి. కూతాయన తువ్వాలు తీసి కుళాయి మెడకి బిగించి కట్టాడు. అది తువ్వాల్లోంచి కూడా కారింది.

"దీని దుంప తెగ!" అన్నాడు.

ప్లంబరుని పిలవచ్చు. పిలిస్తే గుమ్మంలో అడుగు పెట్టినందుకొకటి, కుళాయి వంక చూసినందుకొకటి, పెదవి విరిచినందుకొకటి తీసుకుంటాడు. వచ్చే పింఛను మందులకే చాలడం లేదు. కాబట్టి కూతాయన నేల తుడిచాడు. తుడుస్తుంటే పాలు పొంగాయి. పాల పని చూస్తుంటే గ్యాసు బండవాడు వచ్చి, మెట్లెక్కించడానికి వేరే డబ్బులు కావాలన్నాడు. మెట్లెన్నిరా అంటే, ఎన్నైనా ఒకటే రేటు పెద్దాయనా అన్నాడు. బండ తనే దొర్లించుకున్నాడు. నడుం పట్టేసింది.

ఆయన్ని వీధి వీధంతా కూతాయన అనే పిలుస్తుంది. ఉద్యోగం చేసిన రోజుల్లో నూలు మిల్లులో సైరన్ వేసే పని ఆయనది. పొద్దున ఒక కూత, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ముప్పై ఏళ్ళ పైచిలుకు వేశాడు. ఏనాడూ క్షణం అటూ ఇటూ కాలేదు. పెళ్ళినాడు కూడా పీటల మీంచి లేచి వెళ్ళి కూత వేసి వచ్చి కూర్చున్నాడు. తర్వాత మిల్లు మూతపడింది. రావలసిన డబ్బులో సగం రాలేదు. సైరన్‌ని పాత ఇనుము కొనేవాడు బండి మీద వేసుకుని పోయాడు. మర్నాడు పొద్దున కూతాయన టీ గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడి ఉండగా, సరిగ్గా వేళకి, ఆ కూత ఆయన గొంతులోంచి వచ్చింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. పొయ్యి దగ్గరున్న భార్య వెనక్కి తిరిగి, "లోపలొద్దండీ, చెవులు చిల్లులు పడుతున్నాయి. మేడ మీదకెళ్ళి వేయండి" అంది.

అంతే. ఆ రోజు నుంచీ మేడ మీదే వేస్తున్నాడు. ఊళ్ళో బడి, బజారు, ఆఫీసులు అన్నీ ఎప్పటిలాగే ఆ కూతనే పట్టుకుని నడుస్తున్నాయి. దానికి ఎవరైనా పైసా ఇచ్చారా? ఇవ్వరు. సణిగేవాళ్ళకి మాత్రం కరువు లేదు. జలుబు చేసి గొంతు బొంగురుపోయిన రోజున ఎదురింటి మంగలి వచ్చి, "ఇవాళేంటి పెద్దాయనా, కూత అలా వేశారు? ఉలిక్కిపడి బేరానికొచ్చినాయన గడ్డం కోశాను" అని దెబ్బలాడి వెళ్ళాడు.

ఇవాళ ఈ ఇంటి చాకిరీ అంతా కూతాయన నెత్తిన పడడానికి కారణం ఇంట్లో ఇల్లాలు లేకపోవడం. ఆవిడ చీకటితోనే లేచి వెళ్ళి బజారు ఆఫీసు ముందు వరసలో నిలబడింది. బజార్లో ఒక చిన్న కొట్టు ఖాళీ అయింది. వరసలో ముందున్నవాళ్ళు మధ్యాహ్నం కూత లోపల అడ్వాన్సు కడితే కొట్టు వాళ్ళది. కూత పడ్డాక వెనకాలున్నవాళ్ళది. కుట్టుమిషను అక్కడ పెట్టుకుని, బట్టలు సరిచేస్తూ, చిరుగులకి రఫ్ఫు చేస్తూ నాలుగు డబ్బులు సంపాదిద్దామని ఆవిడ కోరిక. డబ్బుందా అంటే ఉంది, ఇద్దరి పేరునా బ్యాంకులో ఉంది, ఇన్నాళ్ళూ ఇంట్లో కుట్టి ఆవిడ దాచుకున్నదే. కానీ బ్యాంకుకి వరసగా సెలవులొచ్చి ఇవాళే తెరుస్తున్నారు. వరస వదిలి ఆవిడ రాలేదు. డబ్బు తీసి పట్టుకెళ్ళాల్సింది కూతాయన.

దీని మీద రాత్రి పెద్ద గొడవే జరిగింది.

"నువ్వు బజార్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ చిరుగులు కుడుతుంటే నేనేం మొహం పెట్టుకుని తిరగను?" అన్నాడు కూతాయన.

"ఉన్న మొహమే పెట్టుకుని తిరగండి. ఇంట్లో కూర్చుని కుట్టేవి మాత్రం ఎవరి చిరుగులు? పోయిన నెల కరెంటు బిల్లు ఎలా కట్టామనుకుంటున్నారు?"

జవాబు లేనప్పుడు మగాడు చేసే పనే చేశాడు, కంచం తోసేసి లేచాడు. ఆకలితో రాత్రంతా నిద్ర పట్టలేదు.

బ్యాంకులో జనం కిటకిటలాడుతున్నారు. వారం రోజుల పనులన్నీ ఇవాళే గుర్తొచ్చాయి అందరికీ. కూతాయన నిలబడీ నిలబడీ కాళ్ళు లాగుతుండగా కౌంటరు దాకా చేరాడు. అక్కడి అమ్మాయి కాగితం వంక చూసింది, కంప్యూటరు వంక చూసింది, మళ్ళీ కాగితం వంక చూసింది.

"సంతకం కలవడం లేదండీ."

"కలవకపోవడమేమిటమ్మా? నా చెయ్యే కదా పెట్టింది!"

"ఇందులో చివర గీత పైకుంది. మీరిప్పుడు కిందకి లాగారు."

"అప్పుడు ఉద్యోగంలో ఉన్నానమ్మా, గీత పైకే వెళ్ళేది. ఇప్పుడు కిందకి రాక ఏం చేస్తుంది?"

ఆ అమ్మాయి నవ్వలేదు. ఇంకో కాగితం ఇచ్చింది. పెట్టాడు. కలవలేదు. మరొకటి ఇచ్చింది. ఈసారి గీత బలవంతాన పైకి లాగేసరికి అసలు సంతకంలాగే లేదు. వెనకాల వాళ్ళు, "పక్కకి జరిగి నేర్చుకోండి తాతా" అన్నారు. కూతాయనకి ఒళ్ళు మండిపోయింది. తన డబ్బు, తన చెయ్యి, తన పేరు, అయినా దొంగలాగా నిలబడాలి! గొంతు పెంచి నాలుగు మాటలన్నాడు. గొంతు పెరిగేసరికి మేనేజరు గది తలుపు తెరుచుకుంది.

"అరెరే, కూతాయన కదూ! మాకు అన్నం వేళ చెప్పే మనిషినే నిలబెట్టారా? ఇచ్చేయమ్మా, ఇచ్చేయి."

డబ్బు చేతికొచ్చింది. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, అందరి వంకా ఒకసారి కొరకొరా చూసి, బయటికొచ్చాడు. ఎండ చుర్రుమంటోంది. బ్యాంకుని, ఆ అమ్మాయిని, చివరి గీతని, అన్నిటినీ తిట్టుకుంటూ విసవిసా నడిచాడు.

నడిచి నడిచి ఎక్కడ తేలాడు? ఇంటి దగ్గర. మేడ మెట్ల మీద.

మిల్లులో ఉండగా అలవాటది. కూత వేళ దగ్గర పడుతుంటే ఆయన కాళ్ళు వాటంతటవే సైరన్ దగ్గరకి పోయేవి. ఇప్పుడు మేడ మీదకి పోతాయి. మనసుని అడగవు. పైమెట్టు మీద ఆయాసం తీర్చుకుందామని గుండె మీద చెయ్యి వేసుకుంటే నోట్ల కట్ట తగిలింది.

"ఛీ, నా బుద్ధి కాల!"

బజారు ఊరికి ఆ చివర. ఎగిరి వెళ్ళినా అందదు. బొడ్డు దగ్గర అప్పుడే కూత కదులుతోంది. అలవాటైనదే, ముందు పొట్టలో సన్నగా వేడెక్కి, తర్వాత రొమ్ములోకి ఎక్కి, గొంతులో కూర్చుంటుంది. ఇక నోరు తెరవడమే తరువాయి.

తెరిస్తే ఏం? కూతాయన అక్కడ నిలబడి నిజంగానే ఆలోచించాడు. బ్యాంకులో ఆలస్యమైంది, అందరూ చూశారు. ఎవరూ తప్పు పట్టరు. కొట్టు పోతుంది. భార్య ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడదు, మూడో రోజు మామూలే. బజార్లో తల దించుకోనక్కరలేదు. తను కూత ఆపినవాడు కాదు, ఈ వయసులో ఆపి ఎందుకు పరువు పోగొట్టుకోవాలి?

అప్పుడు ఆవిడ మోకాళ్ళు గుర్తొచ్చాయి. మూడు నెలల నుంచి ఆవిడ మోకాళ్ళ మందు కొనడం లేదు. "తగ్గిపోయింది లెండి" అంది. తగ్గలేదని ఆయనకి తెలుసు. మిషను దగ్గర్నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకుని లేవడం రోజూ చూస్తూనే ఉన్నాడు. చూసి, ఆ డబ్బు తన బీపీ మాత్రలకి సర్దుకుపోతోంది కదా అని నోరు మూసుకున్నాడు. ఆ మోకాళ్ళతోనే ఇవాళ చీకటి నుంచి నిలబడి ఉంది. కూతాయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

కూత గొంతులోకి వచ్చేసింది. ఆయన పెదవులు బిగించి, వాటి మీద అరచెయ్యి అదిమి, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

మంగలి దుకాణం తలుపు సగం మూసి ఎదురుచూస్తున్నాడు. "ఏం పెద్దాయనా, కూత వేయరా? ఆకలేస్తోంది!" కూతాయన తల అడ్డంగా ఊపి, వీధిలో పోతున్న రిక్షా ఆపి ఎక్కాడు.

"ఎక్కడికి?" అన్నాడు రిక్షావాడు.

కూతాయన చెయ్యి చాపి చూపించాడు.

"అటు చాలా ఉన్నాయి సార్. నోరెందుకు పట్టుకున్నారు? పన్ను నొప్పా? అయ్యో, ముందే చెప్పొద్దూ!" అని వాడు జాలిపడి, సందులోకి తిప్పి, రయ్యిమని తీసుకెళ్ళి పళ్ళ డాక్టరు గుమ్మంలో దింపాడు. కూతాయనకి ఏడుపొక్కటే తక్కువ. వాడి వీపు మీద గుద్ది, రెండు చేతుల్తో బట్ట పట్టి సూది గుచ్చినట్టు చూపించాడు. "కుట్లు వేయించుకోవాలా? అయితే ఆసుపత్రికి పోదాం" అన్నాడు వాడు. చివరికి కూతాయన వాడి తల పట్టుకుని బజారు వైపు తిప్పాడు.

దారి పొడవునా జనం ఆగిపోయి ఉన్నారు. బళ్ళో పిల్లలు డబ్బాల మూతలు తీసుకుని టీచరు మొహం వంక చూస్తున్నారు. ఇల్లు కట్టేవాళ్ళు ఇటుక చేతిలో పట్టుకుని, పెట్టాలా దించాలా తెలియక నిలబడ్డారు. "ఇవాళ పొద్దు బారెడు సాగిందేంటి?" అని ఎవరో విసుక్కున్నారు. కూతాయన చెవుల్లోంచి సన్నగా ఈల రావడం మొదలైంది. మొహం కందగడ్డయింది. చొక్కా గుండీ ఒకటి టప్పున తెగి ఎగిరిపోయింది. రిక్షావాడు వెనక్కి తిరిగి చూసి, ఇంకేమీ అడగకుండా తొక్కాడు.

బజారు ఆఫీసు వసారాలో పెద్ద గోల. కిటికీ ముందు ఆయన భార్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది. వెనకాలే, ఇప్పటికే బజార్లో మూడు కొట్లున్నాయన, చేతి గడియారం గుమాస్తా మొహం మీద పెట్టి అరుస్తున్నాడు.

"చూడవయ్యా, పన్నెండు ఎప్పుడో దాటింది! ఈవిడ డబ్బు తేలేదు. నాది తీసుకో!"

"గడియారాలతో మాకు పని లేదండీ, కూతే లెక్క" అన్నాడు గుమాస్తా. కానీ వాడికీ అనుమానంగానే ఉంది. "అయినా ఇంతసేపా? అమ్మా, మీ ఆయనే కదా కూత వేసేది? ఏమైనా ఆలస్యం చేస్తున్నాడంటావా?"

కూతాయన వసారా మెట్టు మీద ఆగిపోయాడు.

"మా ఆయనా?" అంది భార్య. "ఆయనకి కోపం ఎక్కువ. చేతిలో డబ్బు నిలవదు. ఇంట్లో ఒక్క పని చేతకాదు. అన్నీ నిజమే. కానీ కూత ఆలస్యం చేసే మనిషి మాత్రం కాదు బాబూ. పెళ్ళి పీటల మీంచి లేచి వెళ్ళిన మనిషి. కూత కాలేదంటే పన్నెండు కాలేదనే అర్థం."

అది విని గుమాస్తా తలూపాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ తలూపారు. మూడు కొట్లాయన కూడా గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

కూతాయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి నోట్ల కట్ట కిటికీలో పెట్టాడు. గుమాస్తా వేలు తడి చేసుకుని లెక్కపెట్టాడు. లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రెండో లెక్క అయ్యేలోపు కూతాయనకి ప్రాణం పోయి వచ్చినంత పనైంది. ఆఖరికి రసీదు మీద ముద్ర పడింది. తాళంచెవి కిటికీలోంచి బయటికొచ్చింది. భార్య దాన్ని అందుకుని, భర్త మొహంలోకి చూసింది.

"ఇక వేయండి" అంది మెల్లగా.

ఆయన బయటికి పరుగెత్తి నోరు తెరిచాడు. అలాంటి కూత మిల్లున్న రోజుల్లో కూడా ఎవరూ వినలేదు. కప్పుల మీద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఊరంతా పని దింపి భోజనానికి కూర్చుంది. మూడు కొట్లాయన తిట్టుకుంటూ తన గడియారం ముల్లు వెనక్కి తిప్పుకున్నాడు.

కూత అయిపోయాక కూతాయన మెట్టు మీద కూలబడ్డాడు. భార్య గోడ పట్టుకుని పక్కన కూర్చుంది.

"డబ్బు పట్టుకుని ఇంటికెళ్ళిపోయాను" అన్నాడు. గొంతు సగమే పలికింది. "మేడ మెట్లెక్కేశాను."

"తెలుసు. ఆ వేళకి మీ కాళ్ళు ఎటు పోతాయో నాకు తెలీదా? పొద్దున్నుంచీ గుండె పీచుపీచుమంటూనే ఉంది."

"నలుగురిలో నా గురించి అంత మాట అన్నావు. ఆలస్యం చెయ్యనని. నీ మాట అబద్ధం చేశాను కదే."

"అబద్ధమెందుకవుతుంది?" అంది ఆవిడ. "నేను డబ్బు కట్టాకే పన్నెండయింది. ఊరంతా విన్నారు."

ఆమె తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, ఇంకో చెయ్యి ఆయన భుజం మీద ఆనించి లేచి, కొట్లున్న వైపు నడిచింది. సాయంత్రం కూతకి ఇంకా చాలా వేళుంది. కూతాయన బ్యాంకువాళ్ళని తిట్టుకుంటూనే, నలుగురూ చూస్తుండగా, ఆమె వెనకాల బజార్లోకి నడిచాడు.