పద్నాలుగు పేజీల పత్రిక

తొమ్మిదో పేజీ ప్రూఫ్ బల్లమీద పరిచి, స్టీలు స్కేలు మార్జిన్‌కి ఆనించి, అంగుళం గారు ఒక కన్ను మూశారు. ఎడమ కాలమ్ చివరి లైను కుడి కాలమ్ చివరి లైనుకంటే వెంట్రుకవాసి కిందికి దిగింది. మామూలు కంటికి అది ఆనదు. ఆయన కంప్యూటర్ దగ్గరికి జరిగి ఆ లైను పైకి లాగారు. మళ్లీ ప్రింటు తీసి, మళ్లీ స్కేలు పెట్టి చూసుకున్నాక గానీ బిగబట్టిన ఊపిరి వదల్లేదు.

అంగుళం అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట ఈ సంగీత మాసపత్రికలో పేజీలు పెట్టే పనికి చేరిన మొదటి వారంలో ఎవరో తగిలించారు. ఫొటో ఎక్కడ పెట్టమన్నా "ఒక్క అంగుళం జరిపితే" అనేవారట. పేరు పెట్టినవాళ్లు ఎప్పుడో ఉద్యోగాలు మారిపోయారు గానీ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంట్లో భార్య కూడా ఆ మాటే వాడుతుంది. "మనిషి వంకరగా ఉన్నా సర్దుకుంటారు గానీ, గోడమీద ఫొటో వంకరగా ఉంటే మా అంగుళం గారికి ముద్ద దిగదు" అని చుట్టాల ముందే అనేస్తుంది. ఆయన నవ్వి ఊరుకుంటారు. ఊరుకుంటూనే లేచి వెళ్లి ఫొటో సరిచేస్తారు.

సన్నటి మనిషి. బల్లమీదికి వంగి వంగి కుడి భుజం ఎడమదానికంటే కొంచెం కిందికి జారింది. కళ్లజోడు తాడు మెడలో, చొక్కా జేబులో చెక్కిన పెన్సిళ్లు మూడు. స్కేలు అదిమిపట్టే ఎడమ బొటనవేలికి కాయ కాసింది. ఆయన గది మేడమీద ఉంటుంది. కింద ప్రెస్సు. మిషన్ తిరిగినప్పుడల్లా బల్లమీది టీ గ్లాసు సన్నగా వణుకుతుంది. ఆ వణుకునుబట్టే, కింద ఏ మిషన్ మీద ఎంత వేగంతో పని నడుస్తోందో ఆయన చెప్పగలరు.

ఇవాళ ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. నెలకోసారి వచ్చే పేజీల రోజు కూడా ఇవాళే పడింది. అరవై నాలుగు పేజీలూ సాయంత్రం ఐదు గంటలకల్లా కిందికి దిగాలి. అందరూ తలమునకలుగా ఉన్నారు కనక వీడ్కోలు సభ వచ్చే వారం పెట్టుకుందామన్నారు. అంగుళం గారు సరేనన్నారు. నిజం చెప్పాలంటే ఆయనకి అదే హాయిగా ఉంది. పదిమంది ముందు కుర్చీలో కూర్చుని పొగడ్తలు వినడంకంటే పేజీ ముందు కూర్చోవడమే ఆయనకి సులువు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి మేనకోడలు వచ్చింది. ఆయన చెల్లెలి కూతురు. కాలేజీలో డిజైన్ చదువుతోంది. వాళ్ల క్లాసులో ఒక్కొక్కరూ ఒక సంగీత పత్రిక తయారుచేయాలి. దాన్ని బజారులో దొరికే అసలు పత్రికతో పోల్చి, తేడాలు రాసి, ఇవాళ మూడింటికి టీచరు చేతిలో పెట్టాలి. పిల్ల ఎంచుకున్న అసలు పత్రిక మావయ్యదే.

"తప్పులన్నీ రాసేశాను మావయ్యా. ఇంకా ఏమైనా మిగిలాయేమో చూడు" అంది, సంచిలోంచి తీసి ఇస్తూ.

పత్రిక పేరు "పక్కవీధి పాట". పద్నాలుగు పేజీలు. పన్నెండు పేజీలు మడిచి మధ్యలో రెండు పిన్నులు కొట్టి ఉన్నాయి. పదమూడు, పద్నాలుగు పేజీలున్న ఒంటి కాగితం చివర జిగురుతో అంటించి ఉంది. అంగుళం గారు దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. తెరవకుండా ముందు బరువు చూశారు, అంచులు నిమిరారు, వెన్ను నొక్కారు. తర్వాత దాని పక్కన తమ పత్రిక కిందటి నెల సంచిక పెట్టి, కళ్లజోడు ఎక్కించుకుని, పిల్ల రాసిన తేడాల కాగితం చేతిలోకి తీసుకున్నారు.

మొదటి తేడా ముఖచిత్రం గురించి. అసలు పత్రికలో గాయకుడు పాఠకుడి కళ్లలోకి సూటిగా చూస్తున్నాడు, నా పత్రికలో డ్రమ్ములు వాయించే ఆవిడ కళ్లు మూసుకుని ఉంది, ఇది లోపం, అని రాసింది పిల్ల. ఆయన డ్రమ్ముల ఆవిడ ముఖాన్ని అరచేత్తో మూసి చూశారు, తీసి చూశారు.

"వాయించేటప్పుడు మూసుకుందా, ఫొటోకి మూసుకుందా?"

"వాయించేటప్పుడే. ఆవిడకి నేను తీస్తున్నట్టు కూడా తెలీదు."

"అయితే లోపమెలా అవుతుందే? మావాడు కెమెరా కోసం తెరిచాడు, ఆవిడ పాటకోసం మూసుకుంది. కొట్టెయ్."

రెండో తేడా పత్రిక పేరు. అసలు పత్రికలో గాయకుడి జుట్టు పేరులో రెండక్షరాల్ని కప్పేసింది. పిల్ల పత్రికలో పేరు మొత్తం, ఏదీ తగలకుండా, పైన నిటారుగా నిలబడి ఉంది. చూసేవాళ్లకి కొత్తచేతి పనిలా ఉందని రాసుకుంది.

"మాది నలభై ఏళ్ల పత్రిక. సగం దాచినా జనం చదువుకుంటారు. నీది ఇవాళ పుట్టింది. పుట్టిన బిడ్డకి ముసుగేస్తామా?"

పిల్ల నవ్వి అదీ కొట్టేసింది. అలా ఒక్కొక్కటే. నాలుగో పేజీలో ఖాళీ ఎక్కువైందంటే, ఆయన కిందటి సంచిక తిప్పి అదే చోట ఉన్న సబ్బు ప్రకటన చూపించారు. అది లేకపోతే తామూ అంత ఖాళీ వదిలేవాళ్లమేనన్నారు. ఫాంటులు రెండే వాడానని పిల్ల తల దించుకుంటే, తాను ఆ రెండే చాలని తొమ్మిదేళ్లు పోట్లాడి ఓడిపోయిన సంగతి చెప్పారు. చెబుతుంటే ఆయన ఛాతీలో ఏదో నిండుతోంది. గొప్పగా ఉంది ఆయనకి. ఈ పిల్ల నాలుగేళ్ల వయసులో ఇదే బల్లకింద కూర్చుని చిత్తు ప్రూఫులమీద బొమ్మలు గీసుకునేది. ఇప్పుడు మార్జిన్లు తనకంటే ధైర్యంగా వదిలింది. ఆ మాట పైకి అంటే పిల్ల నెత్తికెక్కుతుందేమోనని అనలేదు.

అప్పుడు నడిమి పేజీ తెరిచారు. తెరిచి, కాగితంకేసి ఒకసారి, పిల్లకేసి ఒకసారి చూశారు. ఆరు, ఏడు పేజీలు కలిపి వేణువు వాయించే పెద్దాయన ఫొటో నిండుగా పరిచింది. సరిగ్గా ఆయన ముక్కులోంచి పిన్ను దిగింది.

"ఇది రాయలేదేం?"

పిల్ల వంగి చూసింది. ముఖం ఎర్రబడింది. "తెరమీద బాగానే ఉంది మావయ్యా."

"తెరమీద పిన్నుండదు కదమ్మా. మేమూ ఒకసారి ఓ గాయని గొంతుమీద కొట్టాం. ఆవిడ ఫోన్ చేసి రాగం తప్పకుండా తిట్టింది."

ఆయన చిత్తుకాగితం ఒకటి తీసి మడిచారు. ఒక మడతకి నాలుగు పేజీలు. రెండో కాగితం మడిచి దాని కడుపులో పెట్టారు. ఎనిమిది. అలా నాలుగేసి చొప్పునే పెరుగుతుంది గానీ పద్నాలుగు దగ్గర పత్రిక ఆగదు. పదహారు చేస్తే జిగురు అక్కర్లేదు, నడిమి పేజీలు ఎనిమిది తొమ్మిది అవుతాయి, వేణువు పెద్దాయన ముక్కు బతుకుతుంది. పిల్ల ఆ మడతల్ని తను కూడా మడిచి చూసుకుని, అసలు లోపంగా ఇదే రాసింది.

ఇక చివరి తేడా మిగిలింది. పద్నాలుగో పేజీలో పనిచేసినవాళ్లందరి పేర్లూ వేశాను, అసలు పత్రికలో అలా లేదు, తీసేయాలి, అని ఉంది. అంగుళం గారు ఆ పేజీ తిప్పారు. కెమెరా ఎరువిచ్చిన స్నేహితురాలి పేరు, అక్షరాలు సరిచూసిన తల్లి పేరు, జిరాక్స్ షాపులో పిన్నులు కొట్టిన ఆయన పేరు ఇంటిపేరుతో సహా ఉన్నాయి. అడుగున "పేజీ అంటే ఏమిటో చూపించింది: మావయ్య" అని ఉంది.

ఆయన ఆ లైనుకింద స్కేలు ఆనించారు, తీశారు. చివరికి, "ఇది తప్పుల్లో రాయకు" అన్నారు. పిల్లకి ముఖం కనపడకుండా టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నారు. గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది.

పిల్ల వెళ్లాక ఆయన రెండో పేజీ ప్రూఫ్ ముందేసుకున్నారు. దాని అడుగున చిన్న పెట్టె ఉంటుంది. సంపాదకురాలి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామా. ముప్ఫై ఒక్క ఏళ్లలో మూడువందల డెబ్బై సంచికలకి పైగా ఆ పెట్టెని పేజీలో కూర్చోబెట్టింది ఆయనే. అందులో ఇంకో నాలుగైదు లైన్లకి చోటుందని ఆయనకి మొదటి నెలనుంచీ తెలుసు. ఆ చోటు ఎందుకుందో ఇవాళే తట్టింది.

పేర్లు వేద్దామని కూర్చుంటే ఒక్క పేరూ తెలియదు. కింద ఉన్నవాళ్లు ఆయనకి ప్లేట్ల ఆయన, మిషన్ ఆయన, కటింగ్ ఆయన, పిన్నుల ఆవిడ. తననీ లోకం అంగుళమనే పిలుస్తుందని ఇన్నాళ్లూ లోలోపల చిన్న ముల్లు ఉండేది. తను చేసిందీ అదే కదా అని సిగ్గేసింది. కాగితం, పెన్సిలు పట్టుకుని మెట్లు దిగారు.

పేరు అడిగితే ఒక్కొక్కరూ కంగారుపడ్డారు. ఆ ప్రెస్సులో పేరు అడిగారంటే ఏదో పాడైందని అర్థం. ప్లేట్ల ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఏ పేజీ సార్?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా పత్రిక కుడుతున్న పిన్నుల ఆవిడ లేచి నిలబడింది.

"పేరెందుకండీ? పిన్ను ఊడిందా?"

"ఊడలేదమ్మా. నువ్వు కొట్టిన పిన్ను ఏనాడూ ఊడలేదు. అందుకే."

నాలుగు పేర్లూ రాసుకొచ్చి, పెట్టెలో వేశారు. వాటి పైన తన పేరు కూడా కొట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ పేజీలో తన పేరు చూడటం అదే మొదటిసారి. అందంగానే ఉంది, పెట్టె గీతల మధ్య సరిగ్గా ఇమిడింది. ఒక నిమిషం అలాగే చూసి చెరిపేశారు. వడ్డించేవాడు ముందుగా తన పళ్లెంలో వేసుకుంటే ఏం మర్యాద.

అనుమతి లేకుండా ఆయన ఎన్నడూ కామా కూడా మార్చలేదు. ప్రూఫ్ తీసుకుని సంపాదకురాలి గదికి వెళ్లారు. ఆవిడ ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్న. పనిలో మొహమాటం లేని మనిషి. పెట్టె చదివి, కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుంది.

"ఇది మన పద్ధతి కాదు కదండీ."

"కాదు మేడమ్."

"వాళ్లెవరైనా అడిగారా?"

"అడగలేదు. నేనే అడుగుతున్నాను."

ఆ మాట విని ఆవిడ తలెత్తింది. ఈయన ఇంతవరకూ సెలవు తప్ప ఏమీ అడిగినట్టు ఆవిడకి గుర్తులేదు. "ఇక్కడ ఉంచండి, చూస్తాను" అంది. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

నాలుగింటికి పిల్ల ఫోన్ చేసింది. వెనక కాలేజీ వరండా గోలగా ఉంది.

"మావయ్యా, మా క్లాసులో అందరివీ పద్నాలుగు, పద్దెనిమిది పేజీలే. నాలుగేసి లెక్కలో ఉండాలని ఎవరికీ తెలీదు. నేను చెప్తే మా టీచరు కూడా కాగితం మడిచి చూసుకున్నారు."

"టీచరు కూడానా?"

"ఊఁ. రెండుసార్లు మడిచారు. ఇంకా, చివరి పేజీ తియ్యనని చెప్పేశాను. సరే అన్నారు."

ఫోన్ పెట్టేశాక ఆయన కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేసిన పనిని ఒక టీచరు క్లాసులో నిలబడి నేర్చుకుంది. ఇంతకంటే ఆయనకి ఏం సభ చేస్తారు ఎవరైనా? భార్యకి చెప్పాలనుకున్నారు. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని, టీచరు కాగితం మడిచినట్టు తనే మడిచి చూపించి చెప్పాలి.

ఐదుకి పావుగంట ముందు అరవై మూడు పేజీలు కిందికి దిగాయి. రెండో పేజీ మాత్రం సంపాదకురాలి గదిలోంచి ఇంకా రాలేదు. ఆయన బల్ల తుడిచారు, కుర్చీ లోపలికి తోశారు, మళ్లీ లాగి కూర్చున్నారు. ఆ నాలుగు పేర్లూ పోతే, రేపు కిందివాళ్ల ముఖం ఎలా చూడాలా అనుకున్నారు. రేపు తను రానన్నది అప్పుడు గుర్తొచ్చింది. సంపాదకురాలు తలుపు దగ్గరికి వచ్చింది.

"మీ బస్సు టైమవుతోంది. ఆ ఒక్క పేజీ నేను పంపిస్తాను, మీరు బయల్దేరండి."

ఆయన అడగబోయి ఆగిపోయారు. ఒకసారి అడిగారు, చాలు. "వస్తానండీ" అన్నారు, రోజూ అన్నట్టే. దిగేటప్పుడు మెట్ల మలుపులో మిషన్ చప్పుడుకి ఒక్క క్షణం చెవి ఒగ్గి, వేగం సరిగ్గా ఉందని తల ఊపి, వీధిలోకి నడిచారు. ఆ ముఖంలో దిగులు లేదు. కుడి భుజం ఎప్పటిలాగే కొంచెం కిందికి ఉంది.

పదినిమిషాల తర్వాత సంపాదకురాలు ఆఫీసు గుమస్తాని పిలిచి ఉద్యోగుల పాత ఫైలు తెప్పించింది. అందులో వెతికి, ప్రూఫ్ మీద ఏదో రాసి, సంతకం చేసింది. ఆ మార్పుతో పేజీ కిందికి పంపాక, సంతకమైన ప్రూఫ్ తెచ్చి అలవాటు కొద్దీ ఆయన బల్లమీదే పెట్టింది. ఆ గదిలో అప్పుడు ఎవరూ లేరు. పెట్టెలో నాలుగు పేర్లూ ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. వాటి పైన నీలం సిరాతో, చేత్తో, ఇంటిపేరుతో సహా రాసిన ఐదో పేరు, చోటు చాలక గీత దాటి మార్జిన్‌లోకి వచ్చేసింది.