అట్ట వేసిన పుస్తకం

తవిటమ్మ అప్పటికి సగం గది ఊడ్చేసింది. బల్లల కింద చీపురు సరిగ్గా దూరదు కాబట్టి ఒక్కో కుర్చీ ఎత్తి బల్ల మీద బోర్లించి, ఊడ్చి, మళ్లీ దించుతోంది. నడుం పట్టేసినప్పుడల్లా బీరువాకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడుతుంది. పాతపట్నం శాఖా గ్రంథాలయంలో ఆమె ఊడవడం మొదలుపెట్టాక లైబ్రేరియన్లు చాలామంది మారారు. వాళ్లలో ఒకరిద్దరు పుస్తకాలు కూడా చదివారు.

పొట్టి మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు, పాత కాగితాల దుమ్ముకి ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్లు. కూడబలుక్కుని చదవగలదు గానీ చదవదు. ఆమెకి పుస్తకమంటే అట్టే. చిరిగినవాటికి పాత పేపరు మడిచి, మైదా జిగురు రాసి అట్ట వేయడం ఆమె పని. ఆడవాళ్లు పట్టుకెళ్లే కొన్ని పుస్తకాలకి చిరక్కపోయినా వేసేది. కాన్పుల పుస్తకానికీ, విడాకుల పుస్తకానికీ ఆదివారం పేపర్లో వంటల పేజీ వెతికి మరీ వేసేది. అలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు, చేస్తున్నానని ఆమె ఎవరికీ చెప్పలేదు.

కిందటి నెల కంప్యూటరు వచ్చింది. ఫోను నెంబరుతో కొత్త కార్డు తీసుకోకపోతే పాత పేర్లు కొట్టేస్తామన్నారు. ఇప్పుడు పుస్తకానికి అంటించిన గీతల చీటీ మీద చిన్న మిషను పెడితే కుయ్‌మంటుంది. లైబ్రేరియన్ హరిబాబు మంచివాడు, వయసులో ఉన్నవాడు. ఆ కుయ్ విన్నప్పుడల్లా మిషను తానే కనిపెట్టినంత సంతోషపడతాడు.

రిటైరైన పోస్ట్‌మాన్ అసిరయ్య వచ్చి, రోజూలా పేపరు అందుకోకుండా తిన్నగా హరిబాబు బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఏటి బాబూ, నేను ఏ పుస్తకం పట్టుకెళ్తే మా అల్లుడికేటి?"

ఆయనకి ఫోను లేదు. కార్డుకి విశాఖలో ఉన్న అల్లుడి నెంబరు ఇచ్చాడు. నిన్న మొలల వైద్యం మీద చిన్న పుస్తకం తీసుకున్నాడు. పుస్తకం పేరుతో సహా అల్లుడికి మెసేజ్ వెళ్లిపోయింది. ఆ అల్లుడు పక్కింటివాళ్ల ఫోనుకి చేసి, వాళ్లంతా వింటుండగా, ఇక్కడ మంచి డాక్టరున్నాడు మావా, వచ్చేయమన్నాడట. పేపర్ల బల్ల దగ్గర ఉన్నవాళ్లందరూ పగలబడి నవ్వారు. తవిటమ్మ కూడా నవ్వుతూనే కుర్చీ దించుతోంది. కుర్చీ నేలకి ఆనకముందే ఆమె నవ్వు ఆగిపోయింది.

మొన్న దుర్గ పుస్తకం పట్టుకెళ్లింది. దుర్గ కార్డుకి నెంబరు చెప్పింది తనే.

దుర్గ పిండిమిల్లు యుగంధర్ భార్య. అతను సరుక్కి పర్లాకిమిడి వెళ్లిన రోజుల్లో వచ్చి, మూల బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చుని గృహహింస చట్టం పుస్తకం చదువుకునేది. ప్రశ్నలూ జవాబులుగా ఉన్న సన్నటి పుస్తకం. కమిలిన చోట్ల మీద పిండి రాసుకుని వచ్చేది. మిల్లులో పనిచేసే మనిషి ఒంటి మీద పిండి ఉంటే ఎవరూ ఏమీ అడగరు. లేచి వెళ్లేటప్పుడు గాజుకున్న పిన్నీసు తీసి, అప్పటిదాకా చదివిన పేజీలన్నీ కలిపి అంచుకి పెట్టేది. కాగితాలకి బెజ్జాలు పడతాయని తవిటమ్మ కసిరేది. కసిరినా ఆ పిన్నీసు తను మాత్రం తీసేది కాదు.

కొత్త కార్డులు రాసిన రోజున దుర్గ రాలేదు. పేరు పోతుందని తవిటమ్మే ముందుకొచ్చి రాయించింది. నెంబరేమిటని హరిబాబు అడిగితే మిల్లు గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉన్న నెంబరు గడగడా అప్పజెప్పింది. అందులో ఆలోచించేదేముంది? గ్యాసుకైనా, రేషన్‌కైనా, పిల్లల బడికైనా ఆ ఊళ్లో ఆడమనిషి నెంబరంటే ఇంట్లో మగవాడి నెంబరే. తవిటమ్మ నెంబరు అడిగితే ఆమె కూడా కొడుకు నెంబరే చెబుతుంది.

మొన్న కరెంటు పోయింది. దుర్గ పుస్తకం కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసి, మూసేసింది.

"పిన్నీ, ఇల్లు ఒగ్గేసి ఎలిపోతే పాపని నాకిస్తారా, ఇవ్వరా? అది ఇందులో ఉన్నాదంట. అక్కడికింకా రాలేదు."

"పట్టుకెళ్లి సదువుకో. అట్ట ఏసిస్తాను. ఎవుడు సూస్తాడు?" అంది తవిటమ్మ.

కాకరకాయ వంటకాల పేజీతో అట్ట వేసి ఇచ్చింది. దుర్గ బయల్దేరే వేళకి కరెంటు వచ్చింది. హరిబాబు మిషను పెట్టాడు. కుయ్‌మంది.

కుర్చీలన్నీ దించేశాక తవిటమ్మ హరిబాబు దగ్గరికి వెళ్లి, ఆ మెసేజ్‌లు ఆపలేమా అని అడిగింది. అవి ఇక్కణ్ణుంచి వెళ్లవని, పైనుంచి వాటంతటవే వెళ్తాయని, మొన్నటివి మొన్ననే వెళ్లిపోయాయని అతను ఓపిగ్గా చెప్పాడు. ఎందుకమ్మా అన్నాడు. ఊరికే అంది.

మధ్యాహ్నం గ్రంథాలయం మూశాక ఇంటికెళ్లి డబ్బాలో బియ్యం పోసుకుని మిల్లుకి నడిచింది. ఇంట్లో పిండి ఉంది. ఎండకి రోడ్డు మీద కుక్క కూడా లేదు. దుర్గ ఎప్పట్లా త్రాసు దగ్గర కూర్చుని ఉంటే చాలు, పిండి పట్టించుకుని ఏమీ మాట్లాడకుండా వచ్చేస్తాను అనుకుంది. దారంతా అదొక్కటే అనుకుంటూ నడిచింది.

త్రాసు దగ్గర యుగంధర్ ఉన్నాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. అతను గొంతు పెంచి మాట్లాడగా ఊళ్లో ఎవరూ వినలేదు. పక్కన బస్తా మీద పాప కూర్చుని, ముందు పరిచిన కాగితం మీద మరమరాలు ఏరుకుని తింటోంది. ఆ కాగితం మీద కాకరకాయల బొమ్మ ఉంది.

"దుర్గ లేదేటి బాబూ?" తవిటమ్మ గొంతు మిల్లు చప్పుడులో ఆమెకే వినబడలేదు. అతనికి వినబడింది.

"పొద్దున్న రైలుకి గుణుపూరు అంపినాను పిన్నీ, మా అన్నయ్య కాడికి. కొన్నాళ్లు అక్కడుంటాది."

"మరి పాపో?"

"పాపకి బడుంది కదా."

బియ్యం గొట్టంలో పోశాడు. పిండి పడుతున్నంతసేపూ ఇద్దరూ దాన్నే చూశారు. డబ్బా నిండాక అతను చేతులు దులుపుకుని, దేవుడి పటం వెనకనుంచి పుస్తకం తీసి ఇచ్చాడు. అట్ట లేదు. చట్టం పేరు పెద్ద అక్షరాలతో బయటికే ఉంది.

"మీ ఆఫీసోళ్లు మంచి పని సేసినారు. మెసేజ్ రాకపోతే నాకు తెలిసీది కాదు," అన్నాడు. దుర్గ కార్డు తీయించేయమని కూడా చెప్పాడు. డబ్బులు వద్దన్నాడు. తవిటమ్మ ఇచ్చింది. తీసుకున్నాడు.

ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు ఆమెకి ఏడుపు రావాలి. రాలేదు. పిండి డబ్బా వేడి పొట్టకి తగులుతుంటే చెయ్యి మార్చుకుంది. నెంబరు చెప్పింది నేనేనని ఎవరికి చెప్పాలి? యుగంధర్‌కి చెబితే సంతోషిస్తాడు. హరిబాబుకి అర్థం కాదు. చెప్పాల్సిన మనిషి దుర్గ. దుర్గకి ఫోను లేదు.

సాయంత్రం మళ్లీ గ్రంథాలయం తలుపులు తీసి, పేపర్లు సర్ది, కుండలో నీళ్లు మార్చింది. పుస్తకం హరిబాబు ముందు పెట్టింది. దుర్గని పంపేశారని, పాపని ఉంచేసుకున్నారని చెప్పింది. ఊరెళ్తే రాదేటమ్మా, వస్తాది లెమ్మన్నాడు అతను. మిషను పెట్టాడు. కుయ్‌మంది.

"దీనికీ మెసేజ్ ఎల్తాదా బాబుగారూ?"

"ఎల్తాది. పుస్తకం అందింది, ధన్యవాదాలు అని."

తవిటమ్మ తలూపింది. అట్ట పోయిన పుస్తకం కాబట్టి మూల బల్ల మీదికి తెచ్చుకుని, అలవాటు కొద్దీ పాత పేపరు పరిచి, కొలత చూసుకోవడానికి పుస్తకం తెరవబోయింది. మొదటి పేజీలు విడిపడలేదు. యుగంధర్ అట్ట చించాడే గానీ లోపల చూసినట్టు లేదు.

పేజీల అంచుకి, దుర్గ ఆగిన చోట, పిన్నీసు పెట్టింది పెట్టినట్టే ఉంది.