మూడో ముడి

అనిరుధ్ వెనక స్కూటీ మీద కూర్చుని కూర్మన్నపాలెం జంక్షన్ దాటుతుంటే శ్రీసత్యకు కనిపించిందల్లా ముద్దొచ్చేస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇనుప చువ్వల లారీ ముద్దొచ్చింది. ముంత మసాలా బండి దగ్గర ఉల్లిపాయలు తరిగే చప్పుడు ముద్దొచ్చింది. పెళ్ళయి నెలైనా కాలేదు మరి. మెడలోని పసుపు తాడు రోజుకో జాకెట్టు పాడుచేస్తున్నా, కోపం రావలసింది పోయి నవ్వొస్తోంది.

ఇవాళ మాత్రం ఆ నవ్వు కింద ఒక భయం కూడా ఉంది. గాజువాక కమ్యూనిటీ హాల్లో సాయంత్రం అన్నయ్య వీరేంద్ర నాటకం. ఇద్దరు మగవాళ్ళు పెళ్ళి చేసుకుంటామంటే ఒక ఇంట్లో రేగిన గొడవ దాని కథ. రాసింది దొరబాబు. ఆ ఇద్దరి వేషాలూ వీరేంద్ర, దొరబాబులవే. నాటకం బయట కూడా వాళ్ళు జంటే. ఆ మాట పోయినేడు వీరేంద్ర భోజనాల దగ్గర చెప్పాడు. అప్పటినుంచి నాన్న దుర్గారావు కొడుకుతో మాట్లాడడం మానేశాడు.

"మావయ్యగారు వస్తారంటావా?" అన్నాడు అనిరుధ్, హెల్మెట్లోంచి.

"వత్తానన్నాడు. పెళ్ళి సీను ముందు లేచెళ్ళిపోతానని కూడా అన్నాడు."

ఆ మాత్రం ఒప్పించడానికి కూడా ఒక చీర వదులుకుంది శ్రీసత్య. పదహారు రోజుల పండక్కి పుట్టింటికి వెళ్ళినప్పుడు "నీకేటి కావాలే అమ్మా?" అని నాన్న అడిగితే, "నాటకానికి రా నాన్నా, ఇంకేటొద్దు" అంది. ఆయన గోడకేసి చూస్తూ సరేనన్నాడు.

"అది సరేగాని, దొరబాబుని నేనేమని పిలవాలి?" అన్నాడు అనిరుధ్.

"బావా అను. ఈ ఊళ్ళో అందరూ అందరికీ బావలే కదేటి!"

అనిరుధ్ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకి స్కూటీ ఊగితే, శ్రీసత్యకు అదీ బాగుంది.

హాలు ముందు దిగగానే లోపల్నుంచి హార్మోనియం వినిపించింది. ఆ చప్పుడుకి ఆమె చిన్నతనం ఒక్కసారి కళ్ళముందుకొచ్చేసింది.

అప్పట్లో స్టీల్ ప్లాంటు క్వార్టర్లో వాళ్ళ ముందుగదే రిహార్సల్ హాలు. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే, హెల్మెట్లు గుమ్మం దగ్గర బోర్లించి, రాజులూ మంత్రులూ అయిపోయేవారు. అమ్మ సూర్యకళ గిన్నెతో టీ పెట్టేది. నాన్న దర్శకుడు, ఆట రోజున ప్రాంప్టరు కూడా. వింగ్ చాటున నిలబడి మాట అందిస్తే, అది నటుడి చెవికి తప్ప మొదటి వరుసకి కూడా వినిపించేది కాదు. చెప్పులతో స్టేజీ ఎక్కేవాడు కాదు. ఎంత తొందరలోనైనా చెప్పులు విడిచి, మెట్టుని కళ్ళకద్దుకునే ఎక్కేవాడు.

ఆడవేషాలకు ఎలమంచిలి నుంచి పాసింజర్లో తాయారు వచ్చేది. పెళ్ళి సీను వస్తే ఆవిడ ముందే చెప్పేది: "రెండు ముళ్ళే ఎయ్యండి బాబూ. మూడోది మా ఆయనది." అది విని నాన్న తన బృందానికి ఒక కట్టడి పెట్టాడు. స్టేజీ మీద పెళ్ళికి ఎప్పుడూ రెండే ముళ్ళు. "మూడోది ఏసీసినావంటే అది నాటకం కాదురా, పెళ్ళయిపోద్ది" అనేవాడు. మంచం కింద బొమ్మల పెళ్ళి చేసే శ్రీసత్య, వీరేంద్ర కూడా రెండు ముళ్ళ దగ్గరే ఆగిపోయేవారు.

ఆ అలవాటు నాన్న నోట ఎంతగా నాటుకుపోయిందంటే, మొన్న శ్రీసత్య పెళ్ళిలో అనిరుధ్ రెండో ముడి వేయగానే, "చాలు, ఆపీ బాబూ!" అని గట్టిగా అరిచాడు. పంతులుగారి మంత్రం ఆగిపోయింది. అనిరుధ్ నిజంగానే ఆపేశాడు. అమ్మ నాన్న తొడ మీద గిల్లింది. పందిరంతా విరగబడి నవ్వింది. పందిరి చివర, దొరబాబు పక్కన నిలబడి వీరేంద్ర కూడా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం శ్రీసత్య ఒక్కతే చూసింది.

మేకప్ గదిలో వీరేంద్ర అద్దం ముందు ఉన్నాడు. దొరబాబు అతని కండువా మడతలు సరిచేస్తున్నాడు. జాలరి ఇంటి కుర్రాడు. కాలేజీ రోజుల్లో నాటకం నేర్చుకుంటానని, వాళ్ళమ్మ గంగాలమ్మ ఇచ్చిన వంజరం చేపల సంచితో నాన్న దగ్గరికి వచ్చాడు. ఇప్పటికీ ఆయన్ని గురువుగారూ అనే పిలుస్తాడు.

"తాళి ఎవరు ఎవరికి కడతన్నారు?" అంది శ్రీసత్య.

"రూపాయి బిళ్ళ ఎగరేసినాం. మీ అన్నయ్య నెగ్గీసినాడు" అన్నాడు దొరబాబు.

"తొండి!" అంది. ముగ్గురూ నవ్వారు.

తర్వాత వీరేంద్ర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "సత్యా, మాకు ఈ దేశంలో పెళ్ళి కాగితం ఎవరూ ఇవ్వరు. మాకున్న పందిరి ఈ స్టేజీయే. నాన్న కుర్చీలో ఉంటే మూడో ముడి కూడా ఏసేస్తాను. అదే మా పెళ్ళి."

"నాన్న లేచెళ్ళిపోతే?"

"రెండే. అప్పుడది ఉత్తి నాటకం."

దొరబాబు కండువా మడత ఇంకోసారి సరిచేశాడు.

తెర లేచేసరికి నాన్న రెండో వరుసలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు కట్టుకుని. ఒక పక్క అమ్మ, రెండో పక్క శ్రీసత్య, ఆమె పక్కన అనిరుధ్. నాటకం బాగానే నడిచింది. గొడవ సీను వచ్చింది. తండ్రి వేషం వేసిన అబ్బులు కొడుకు మీదికి వేలు చూపించి అరిచాడు.

"నీకు పెళ్ళంటే ఆటా? ఛీ! నాను..."

అక్కడ ఆగిపోయాడు. డైలాగ్ మర్చిపోయాడు. ఇప్పటి నాటకాలకు ప్రాంప్టర్లెవరూ లేరు. అబ్బులు చెమటలు పట్టి అటూ ఇటూ చూశాడు. హాల్లో ఎవరో దగ్గారు.

అప్పుడు శ్రీసత్య పక్కనుంచి సన్నగా ఒక గొంతు: "నాను పోయాక సేసుకో. అప్పుడు సూసేవోడుండడు."

అబ్బులు ఆ మాట అందుకున్నాడు. సీను సాగిపోయింది.

శ్రీసత్య నాన్న వైపు తిరిగింది. ఆయన రిహార్సల్‌కి రాలేదు. నాటకం చదవలేదు. మరి ఆ మాట ఎలా అందించాడు? అందించడమేమిటి, ఆ మాట ఆయనదే. పోయినేడు కూర గిన్నె ముందు కూర్చుని, వీరేంద్రతో అన్నదే. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది. కట్టుకున్న చేతులు ఊడిపోయి ఒళ్ళో పడ్డాయి.

స్టేజీ మీద పీటలు వేశారు. సన్నాయి మొదలైంది. నాన్న లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా పక్క దారిన చీకట్లోకి వెళ్ళిపోయాడు.

శ్రీసత్యకు ఏడుపొచ్చేసింది. "అమ్మా, ఎళ్ళిపోనాడే!" అని లేవబోయింది. అమ్మ ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టి, కుర్చీ కిందికి చూపించింది.

నాన్న చెప్పులు అక్కడే ఉన్నాయి.

కానీ వెలుగులో ఉన్న వీరేంద్రకు చెప్పులు ఎక్కడ కనిపిస్తాయి? తాళి ఎత్తాడు. దొరబాబు తల వంచాడు. మొదటి ముడి పడింది. రెండోది పడింది. వీరేంద్ర తలెత్తి రెండో వరుసకేసి చూశాడు. ఖాళీ కుర్చీ. అతని వేళ్ళు పసుపు తాడు మీద అలాగే ఆగిపోయాయి. దొరబాబు కళ్ళు మూసుకున్నాడు.

ఎడమ వింగ్ లోంచి అప్పుడు వినిపించింది. ఒకప్పుడు మొదటి వరుసకి కూడా వినిపించని ఆ గొంతు, ఇవాళ వణికి, చివరి వరుస దాకా వచ్చేసింది.

"ఆపకురా. మూడోది. నాను సూత్తన్నాను."

వీరేంద్ర మూడో ముడి వేశాడు. శ్రీసత్య అనిరుధ్ చెయ్యి గట్టిగా పట్టుకుంటే, కొత్త ఉంగరం గుచ్చుకుని అతను అబ్బా అన్నాడు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది అమ్మ.

తెర పడ్డాక అమ్మా, శ్రీసత్యా, అనిరుధ్ నాన్న చెప్పులు పట్టుకుని వెనక్కి వెళ్ళారు. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీరేంద్ర ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆయన చెయ్యి కొడుకు తల మీద ఉంది. ఆ చెయ్యి తీయకుండానే దొరబాబుని కోప్పడుతున్నాడు.

"ఆ డైలాగ్‌లో 'ఛీ' ఏటి? నాను ఛీ అన్లేదే! నువ్వు కలిపీసినావు."

దొరబాబు మెడలో తాడు తడుముకున్నాడు. "అన్నారు," అన్నాడు. "అన్నారు మావయ్యా."

ఆ పిలుపుకి నాన్న అతన్ని తేరిపార చూశాడు. చొక్కా అంచుతో ముక్కు తుడుచుకున్నాడు.

"అన్నానేమో," అన్నాడు. "రేపటి ఆటలో తీసీ."