మంచుదేశం విందుకు కుట్టిన కోటు

నేను ఒక నల్ల ఉన్నికోటును. పుట్టింది కాకినాడలో, మండువేసవిలో, మెయిన్ రోడ్డు పక్కసందులో ఖాదర్‌వలీ అనే దర్జీ కొట్లో. ఫ్యాను తిరుగుతున్నా చెమట ఆరని ఆ కొట్లో నన్ను కుడుతుంటే వీధిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్వారు. కాకినాడలో ఉన్నికోటు తొడుక్కునేది ఇద్దరే: రిసెప్షన్లో నిలబడ్డ పెళ్ళికొడుకు, నాటకంలో జమీందారు. ఇద్దరూ ఎప్పుడెప్పుడు విప్పేద్దామా అని చూసేవాళ్ళే.

నన్ను కుట్టించుకున్నది మాత్రం అరవై దాటిన మనిషి. కొప్పిశెట్టి వెంకటరాయుడుగారు. జగన్నాథపురంలో ఐసు ఫ్యాక్టరీ నడిపి, చేపలవేటకు వెళ్ళే పడవలకు ఐసు దిమ్మలు అమ్మి, ఓపిక తగ్గాక దాన్ని అమ్మేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. పిల్లలు లేరు. భార్య భ్రమరాంబగారు కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆయనతో సమానంగా ఆ ఫ్యాక్టరీలో నిలబడింది. దిమ్మలు ఎత్తించి, రంపప్పొట్టు చల్లించి, చేతులు పగిలి, ఆ చేతులతోనే అన్నం కలిపి పెట్టింది. ఆవిడకు జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. మిషను చెయ్యని ఐసును, దేవుడు చేసిన ఐసును కళ్ళారా చూడాలి. ఎన్నో ఏళ్ళుగా అడుగుతూనే ఉంది. ఈయన "వచ్చే సీజన్ అయ్యాక" అంటూనే ఉన్నాడు. ఇప్పుడిక సీజన్లు లేవు కాబట్టి, అలాస్కా తీరానికి వెళ్ళే పెద్ద ఓడలో టిక్కెట్లు కొన్నాడు. ఆ ఓడలో రాత్రి భోజనానికి కోటు లేనిదే రానివ్వరని ట్రావెల్స్ వాళ్ళు చెప్పబట్టి నేను పుట్టాను.

కోటు అంటే మనుషులు పైబట్ట అనుకుంటారు. కానీ మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో ముందు తెలిసేది మాకే. కొలతలిచ్చిన రోజుకూ, ట్రయలుకు వచ్చిన రోజుకూ మధ్యలో రాయుడుగారు నాలో వదులైపోయాడు. ఖాదర్‌వలీ బిత్తరపోయి టేపు మళ్ళీ మళ్ళీ పట్టి చూశాడు.

"నా కళ్ళే పోయినట్టున్నాయి రాయుడుగారూ. ఛాతీ దగ్గర ఇంత తేడానా!"

"నీ తప్పేం లేదులే వలీ, నేనే అన్నం తగ్గించాను. ఓడలో బాగా తినాలి గదా" అన్నాడాయన నవ్వుతూ.

అదే సమయంలో ఫోను మోగింది. ఆయన నన్ను తొడుక్కునే కొట్టు వెనక్కి వెళ్ళి, అద్దానికి వీపు పెట్టి మాట్లాడాడు. అవతల డాక్టరు. గొంతు దిగువన ఏదో అడ్డు పెరుగుతోందనీ, ఆలస్యం చెయ్యకుండా హైదరాబాదు వెళ్ళి ముక్క తీయించి పరీక్ష చేయించుకోమనీ చెబుతున్నాడు. రాయుడుగారి గుండె నా లోపలి గుడ్డకు దబదబా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది.

"వెళ్తానండి. ఓ చిన్న ప్రయాణముంది, అది చూసుకుని వచ్చేసి వెళ్తాను" అన్నాడు. అవతల గొంతు పెరిగింది. ఈయన ఫోను పెట్టేశాడు.

ఆ మాట విన్నవాళ్ళం ఇద్దరమే, అద్దమూ నేనూ. ఇద్దరికీ నోరు లేదు.

ఇంట్లో భ్రమరాంబగారి హడావుడి చెప్పనలవి కాదు. మంకీటోపీలు, ఉన్ని మేజోళ్ళు, ఒంటికి అతుక్కుపోయే లోబట్టలు. అవన్నీ ఒకసారి తొడిగి చూసుకుని ఉక్కకు గిలగిల్లాడి, ఏసీ గదిలోకి పరుగెత్తింది. మాగాయ, కందిపొడి, చేగోడీలు సర్దింది. మాగాయ సీసాను విమానాశ్రయంలో తీసేసుకున్నారు. కందిపొడి మాత్రం బతికి బట్టకట్టింది. దారంతా ఆవిడ కిటికీ దగ్గర, ఆయన పక్కన, నేను వాళ్ళ నెత్తిమీది అరలో.

ఆ ఓడను ఓడ అనకూడదు, నీళ్ళమీద తేలే ఊరు అనాలి. భోజనాల హాల్లో గాజు దీపాలు వేలాడుతున్నాయి. బల్లమీద ఒక్కో మనిషికీ ముందు వరసగా చెంచాలు, ఫోర్కులు, చాకులు. మా బల్లకు వడ్డించే అతను ఇండోనేషియావాడు, పేరు సుగెంగ్. ప్రతి వంటకాన్నీ తన సొంత బిడ్డను చూపించినట్టు చూపించి పెట్టేవాడు. నిమ్మరసం చల్లి కాల్చిన చేప, వెన్నలో ఊరిన పీత, వేడివేడి రొట్టె, పుట్టగొడుగుల సూపు.

"పులస ముందు ఇదెంతండీ! కానీ బానే ఉందిలెండి" అని భ్రమరాంబగారు తృప్తిగా తింది. తన జన్మలో వండకుండా, వడ్డించకుండా, ఎవరికి తక్కువైందో చూసుకోకుండా కూర్చుని తిన్న భోజనం ఆవిడకు అదే మొదటిది. రాయుడుగారు ఆవిడ మొహం వంకే చూస్తూ చేపముక్క నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. మింగబోయాడు. అది దిగలేదు. పళ్ళెం పక్కనున్న కాగితం రుమాలుతో మూతి తుడుచుకున్నట్టు తుడుచుకుని, ముద్దను అందులోకి తీసి, మడిచి, నా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మింగలేక కక్కలేక అంటారే, అది నేను అక్కడ చూశాను. సూపు దిగేది. ఐస్‌క్రీము కరిగి కరిగి దిగేది. మిగతాదంతా నాలోకి వచ్చేది. హాల్లో సగంమంది కోట్లు కుర్చీకి తగిలించి హాయిగా తింటుంటే, ఈయన మాత్రం నన్ను విప్పేవాడు కాదు. పొద్దున పలహారానికి కూడా తొడుక్కునే వచ్చేవాడు. భోజనం కాగానే డెక్కు మీదికి వెళ్ళి, అటూ ఇటూ చూసి, ఆ కాగితం ఉండల్ని చెత్తబుట్టలో వేసేవాడు.

"ఈ వయసులో మీకీ షోకేంటండీ బాబూ!" అని భ్రమరాంబగారు మురిసిపోయేది. "దొరబాబులా ఉన్నారు. కోటు వదులైంది గానీ."

ఆ వదులే నేను చెప్పగలిగిన సాక్ష్యం. భుజాల దగ్గర కుంగాను, వీపున ముడతలు పడ్డాను. నా చేతులు కిందికి జారి ఆయన వేళ్ళను కప్పేశాయి. ఆవిడ వాటిని ప్రేమగా పైకి మడిచింది.

ఓడ మంచుకొండ ముందు ఆగిన మధ్యాహ్నం అందరూ డెక్కు మీదికి ఎగబడ్డారు. ఆ గుంపులో రాయుడుగారికి నా జేబు ఖాళీ చేసే వీలు దొరకలేదు. రెండు కొండల నడుమనుంచి నది గడ్డకట్టి సముద్రంలోకి నడిచి వచ్చినట్టుంది. తెలుపు కాదు, లోపల నీలం. భ్రమరాంబగారు రెయిలింగు పట్టుకుని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. ఉన్నట్టుండి అందులోంచి మేడంత ముక్క విరిగి, పిడుగు పడ్డ చప్పుడుతో నీళ్ళలో కూలింది.

"ఏవండీ! చూశారా? మన మిషను వందేళ్ళు తిరిగినా ఇంత ముక్క రాదండీ!"

ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆయన "చూశానే, చూశాను" అన్నాడు గానీ, ఆయన చూసింది ఐసును కాదు. ఒళ్ళంతా వణుకుతున్నాడు. ఉన్ని కోటును నేను, లోపల మనిషిలో కండ లేకపోతే ఎంతని కాయగలను? ఆవిడకు ఆ వణుకు కనబడింది. "చలికి ఆగలేకపోతున్నారు, పదండి" అని కోప్పడి గదికి తీసుకొచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి, నన్ను విప్పి, కొక్కేనికి తగిలించబోతూ ఆగింది. జేబు ఎత్తుగా తగిలింది. చెయ్యి పెట్టింది.

కాగితం ఉండల్ని ఒక్కొక్కటిగా విప్పింది. నమిలిన చేప, నానిన రొట్టె. రాయుడుగారు తలవంచుకున్నాడు. ఇప్పటికైనా అర్థమవుతుందని నేను ఊపిరి బిగబట్టాను. మాకు ఊపిరి ఉంటే.

భ్రమరాంబగారు ఫక్కున నవ్వింది.

"అయ్యో రాత! ఈ తిండి పడట్లేదని చెప్పొచ్చు గదండీ! నా సరదా చెడిపోద్దని ఇన్నాళ్ళూ కడుపు మాడ్చుకున్నారా? ఉండండి, ఇప్పుడే చూస్తాను."

సుగెంగ్‌కు ఫోను చేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో "రైస్, వైట్ రైస్, వెరీ హాట్" అంది. అన్నం వచ్చింది, పక్కన వెన్నముక్క. పెట్టెలోంచి కందిపొడి తీసింది. చేత్తో మెత్తగా కలిపి, ఉండచేసి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆ పగిలిన చెయ్యి, ఆ వాసన, ఆ మొహంలో సంతోషం. అది వద్దనడం ఏ మొగుడి తరం? ఆయన నోరు తెరిచాడు.

కొక్కేనికి వేలాడుతూ నేను చూస్తూనే ఉన్నాను. ఆయన నమిలాడు. ఇంకా నమిలాడు. ఆవిడ రెండో ముద్ద కలుపుతోంది. ఆయన కళ్ళు మూసుకుని, దేవుడికి మొక్కుకున్నట్టు, మింగాడు. ముద్ద మధ్యలో ఇరుక్కుంది. మొహం కమిలిపోయింది, కళ్ళు పైకి తేలాయి, చేతులు దుప్పటిని పట్టుకుని గుంజాయి. ఆవిడ కేకపెట్టి వీపుమీద బాదింది. ఇంకా బాదింది. చివరికి అన్నం నేలమీద పడింది. ఆయన ఎగశ్వాసతో పక్కకు ఒరిగిపోయాడు.

ఆవిడ కొంగుతో ఆయన మూతి తుడిచింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

"ఉగాదికి ముందునుంచి."

"డాక్టరుకు చూపించారా?"

"హైదరాబాదు వెళ్ళమన్నాడు."

"మరి ఇక్కడికెందుకొచ్చారండీ!" ఆవిడ గొంతు చీరుకుపోయింది. "నేనేమన్నా ఐసు ముక్క చూడకపోతే చచ్చిపోతానన్నానా?"

"అక్కడికెళ్తే ఇక్కడికి రాలేం భ్రమరా. నాకు తెలుసు. మంచాన పడ్డాక నీకేం చూపిస్తాను?"

ఆవిడ తిట్టలేదు. నేలమీది అన్నం ఎత్తుతూ, ఒక్కో మెతుకూ ఏరుతూ ఏడ్చింది. ఓడలో డాక్టరు వచ్చి చూసి, ద్రవాలు తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు. నడిసముద్రంలో ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఓడ తన దారిన తాను పోతూనే ఉంది, బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు.

ఆఖరి విందుకు వెళ్దామని ఆయనే పట్టుబట్టాడు. ఆవిడ పట్టుచీర కట్టుకుంది. సుగెంగ్ ఆ రాత్రి ప్రత్యేకమని నిప్పు అంటించిన తీపివంటకం ఊరేగింపుగా తెచ్చాడు. ఆవిడ రెండు సూపులు చాలంది. భోజనం నచ్చలేదా అమ్మా అని అతను దిగాలుగా అడిగితే, "చాలా బావుంది బాబూ" అని తెలుగులోనే చెప్పింది. ఆయన ఒక చెంచా తాగితే ఆవిడ ఒక చెంచా తాగింది. ఆ రాత్రి నా జేబులోకి ఏమీ రాలేదు.

హైదరాబాదు ఆసుపత్రి సంగతులు నాకు తెలియవు. అలాంటి చోటికి కోట్లను తీసుకెళ్ళరు. రాయుడుగారు ఇంటికి వచ్చేసరికి కడుపులోకి గొట్టం పెట్టి ఉంది. ఇక నోటితో తిండి లేదు. ముందే వచ్చి ఉంటే అని డాక్టర్లు అన్నారట, మిగతా మాట పూర్తి చెయ్యలేదట. భ్రమరాంబగారు వంటింట్లో తలుపు వేసుకుని నిలబడి, నాలుగు మెతుకులు గుటుక్కున మింగి వచ్చేది. ఆయన కనిపెట్టాడు.

"ఇక్కడ, నా ఎదురుగా కూర్చుని తినవే."

"మీ ముందు నాకెలా దిగుద్దండీ?"

"నీకైనా దిగనీ. ఓడలో నువ్వు తింటుంటే నాకు ఆకలే తెలియలేదు."

ఆవిడ కంచం తెచ్చుకుంది. చింతచిగురు, రొయ్యలు. బీరువా తలుపు ఓరగా ఉండటంవల్ల నాకు కనబడుతోంది. ఆవిడ ముద్ద పెట్టుకుంటుంటే ఆయన దవడలు కూడా కదిలాయి. "పులుపు సరిపోయిందా?" అన్నాడు. "కొంచెం ఎక్కువైంది" అంది ఆవిడ. రోజూ అంతే. కన్నీళ్ళు కంచంలో పడుతున్నా ఆవిడ తినడం మానలేదు.

వానాకాలం దాటకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగాక, పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే మంగతాయి వీధిలో కేకేసింది. భ్రమరాంబగారు నన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టి, బదులుగా ఏమీ వద్దంది. "ఊరికే తీసుకుంటే బేరం అచ్చిరాదమ్మగారూ" అని మంగతాయి ఒక గిన్నె గట్టుమీద పెట్టి వెళ్ళింది. నన్నెవరూ కొనలేదు. ఎవరికి చూపించినా "ఈ ఊళ్ళో దీనికేం పని?" అని కుప్పలోకి విసిరేశారు.

ఈ పుష్యమాసపు పొద్దున మంచు బాగా పడుతోంది. మంగతాయి విసుగెత్తి, నన్ను తనే చీరమీద తొడుక్కుంది. చేతులు వేలాడుతున్నాయి. మొగుడు చూసి "కలెక్టరమ్మగారు దిగారు!" అని నవ్వాడు. ఆమె లెక్కచెయ్యలేదు. మూట పక్కన పెట్టి, మూసి ఉన్న షాపు మెట్లమీద కూర్చుని, తను తెచ్చుకున్న సద్దిగిన్నె మూత తీసింది. చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. ఒక మెతుకు నా కాలరు మీద పడింది. ఆమె మింగింది. మళ్ళీ మింగింది. ప్రతి ముద్దా ఆ గొంతులో సాఫీగా దిగడం నాకు వినబడుతోంది.