నలభై మూడు చీటీల మాట

నిఘంటువు కార్యాలయంలో ఆ నెల ఆమె వంతుకు వచ్చిన మాట ‘తిరుగు’. ఇంత చిన్న మాటకు రెండు రోజులు చాలనుకుంది. అట్టపెట్టె విప్పితే ఒక్కో వాడుకకి ఒకటి చొప్పున రాసిన నలభై మూడు చీటీలు బయటపడ్డాయి. ఊళ్ళు తిరగడం, చక్రం తిరగడం, కళ్ళు తిరగడం, వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం. చేయి తిరిగిన వంటమనిషి, తిరుగులేని మందు, ఒక్క సంతకం కోసం కాళ్ళరిగేలా తిరగడం.

“వీటిలో ఏది ముందు పుట్టిందంటారు?” అని సంపాదకుణ్ణి అడిగింది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. “గుండ్రంగా తిరగడమే ముందని నా ఊహ. పొరుగు భాషలో ‘తిరి’ అంటే మెలిపడటం కూడా. మనిషి నాలుగు వీధులు చుట్టి రావడం అందులోంచే వచ్చి ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే తిరిపెం కూడా దీనికి చుట్టమే.”

“మరి మన చీటీల్లో కాళ్ళతో తిరిగేదే ఎక్కువగా ఉందేమండీ?”

“ఎక్కువగా ఉన్నదే ముందు పుట్టాలని ఏముందమ్మా? వెతుకు.”

వెతకమంటే ఆమెకు అంతకన్నా ఏం కావాలి? సాయంత్రం చీటీలన్నీ సంచీలో వేసుకుని, దారిలో ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళింది.

మేనత్త ముప్పై ఏళ్ళు నీళ్ళ మీటర్ల రీడింగు తీసిన మనిషి. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది గానీ తన నోట మాట రాదు. వంటింటి గోడకు ఆనించి వేసిన మంచం మీద, మనుషుల్ని చూస్తూ పడుకుని ఉంటుంది. ఆ సాయంత్రం మేనకోడల్ని చూడగానే పెదాలు కదిపింది.

“తిరుగుతోంది,” అంది.

మేనకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

“మాట వచ్చిందని సంతోషించాం. నాలుగు రోజుల నుంచీ అదొక్కటే,” అన్నాడు బావ, అంటే అత్త కొడుకు. “తల తిరుగుతోందేమోనని డాక్టరు బిళ్ళలిచ్చాడు. పక్కకి తిరగాలేమోనని గంటగంటకీ ఒత్తిగిలిస్తున్నా. బయట తిరగాలనుందేమోనని చక్రాల కుర్చీలో వీధిలోకి తీసుకెళితే గేటు దగ్గరే గోల. ఇప్పుడు నా బుర్ర తిరుగుతోంది.”

“ఎప్పుడైనా ‘తిరగాలి’ అందా బావా? ‘తిప్పు’ అందా?”

“లేదు. తిరుగుతోంది, అంతే.”

“అయితే తనకేదో కావాలని కాదు. ఏదో తిరుగుతోందని మనకి చెబుతోంది.”

“ఉన్నదే ఒక్క మాట. అందులో మా అమ్మకి వ్యాకరణం పరీక్షొకటా?”

“ఏమో, అడిగితే పోయేదేముంది?”

ఆమె మంచం అంచున కూర్చుని అత్త ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. “అత్తా, అవునంటే నొక్కు. తలా?” చేయి కదలలేదు. “ఫ్యానా?” కదలలేదు. “ఎవరైనా మనిషా?” అత్త కళ్ళు చిట్లించింది, ఇంత చదివి ఇదా నీ తెలివి అన్నట్టు. “వస్తువా?” వేళ్ళు బిగిశాయి. “ఇంట్లోదా? బయటదా?” బయటదనగానే ఇంకా బిగిశాయి.

చీటీల సంచీ ఒళ్ళోనే ఉన్నా ఆమె దాన్ని విప్పలేదు. ఇలాంటి ప్రశ్న ఏ చీటీలోనూ లేదు.

“అది తిరగకూడదా అత్తా?”

అత్త చేయి విడిపించుకుంది. తన మంచం పక్క గోడ మీద అరచేయి ఆనించి అలాగే ఉంచింది. మేనకోడలు వంగి గోడకు చెవి పెట్టింది. లోపల్నుంచి ‘స్‌స్‌’ మని సన్నటి చప్పుడు, తెంపు లేకుండా.

“బావా, వంటింట్లో కుళాయి కట్టెయ్!”

“కట్టే ఉంది.”

“ఇంట్లో అన్నీ చూడు.”

అతను అన్నీ చూసొచ్చాడు. ఎక్కడా చుక్క పడటం లేదు. ఇద్దరూ గేటు దగ్గరికి పరుగెత్తి నీళ్ళ మీటరు మూత ఎత్తారు. కుళాయి విప్పితేనే తిరగాల్సిన చిన్న ఎర్ర చక్రం, అంకెల పక్కన తాపీగా, హాయిగా తిరుగుతోంది. బావ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నాలుగు రోజులు,” అన్నాడు. “నేనేమో బిళ్ళలు మింగించాను.”

లోపలికి వెళ్ళి తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. “తిరుగుతోందమ్మా. చూశాం,” అన్నాడు. అత్త కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది.

మర్నాడు ప్లంబరు వంటింటి మూల తవ్వితే అతుకు దగ్గర చిట్లిన పైపు దొరికింది. పునాది కింద మట్టి కరిగి గుల్లయి ఉంది. “ఇంకొన్నాళ్ళయితే గోడ కుంగిపోయేది. ఎవరు కనిపెట్టారండీ?” అని అడిగాడు. బావ మంచం వైపు చూపించాడు. ప్లంబరు నమ్మలేదు.

కార్యాలయంలో ఈ కథంతా విని సంపాదకుడు చీటీల కట్ట తన ముందుకు లాక్కున్నాడు. “చక్రమే ముందు పెడదాం. కాళ్ళు తర్వాత,” అన్నాడు. ఆమె ఒప్పుకుంది గానీ మనసులో తేలలేదు. ముప్పై ఏళ్ళు రోజూ వీధులన్నీ తిరిగితేనే కదా, ఆ చక్రం సంగతి అత్తకు తెలిసింది!

ఆదివారం ఆమే చక్రాల కుర్చీ బయటికి తోసింది. ఈసారి గేటు దగ్గర గోల లేదు. వీధి మలుపులో ఆగి, “ఎటు వెళ్దాం అత్తా?” అంది, జవాబు వస్తుందనుకోకుండానే.

అత్త చాలాసేపు పెదాలు కూడదీసుకుంది. ఎడమచేయి చాచి, “అటు,” అంది.