రెండు గుక్కల ఆలస్యం

అలవాటు ప్రకారం అప్పలసూరి నీలం పట్టీల హవాయి చెప్పులు కాటా అంచున విడిచి, ఇనప పలక మధ్యకి నడిచి నిటారుగా నిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది, తన బరువు చూపించే కంప్యూటరు మొన్ననే కన్నుమూసిందని. తనలో తనే నవ్వుకుని దిగాడు.

పోర్టు రోడ్డులోని ఇనుము యార్డులో లారీలు తూచే ఈ కాటా దగ్గర పదహారేళ్లుగా అతనిదే ఉద్యోగం. గోపాలపట్నం నుంచి సిటీ బస్సు, తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు, మెడ మీద ఎర్రటి ఇనుపధూళి. ఒకసారి చూస్తే గుర్తుండే మనిషి కాదు. రోజూ మొదటి తూకం తనదే వేసుకోవడం, లారీ నంబరు ఉండాల్సిన చోట ‘సూరి’ అని కొట్టడం అతని ఆచారం. పది కిలోల లెక్కన చూపే కాటాకి చెప్పుల బరువేం తెలుస్తుందని తోటివాళ్లు ఎంత ఏడిపించినా, చెప్పులతో ఎక్కింది లేదు. చేరిన రోజు అరవై. భార్య జోగమ్మ చేతి వంట పుణ్యమా అని డెబ్బై. షుగరు వచ్చాక మళ్లీ అరవై.

ఈ రోజుతో రిటైరు. రేపటినుంచి ఆ కుర్చీ కొత్తగా చేరిన రోజారమణిది. చిక్కల్లా ఏమిటంటే, కొత్త కంప్యూటరులో ఉన్నది లైనక్స్, కాటా ప్రోగ్రామేమో డాస్ కాలం నాటిది. అది ఇందులో నడవకపోతే హెడ్డాఫీసు పాత తూకాలన్నీ పక్కన పడేసి వేరే ప్రోగ్రాం పెడుతుందట. తన పదహారేళ్లూ చెత్తబుట్టలోకి పోతాయని అప్పలసూరి బెంగ.

కంప్యూటర్లు బాగుచేసే అనూరాధ సీతమ్మధార నుంచి వచ్చింది. లైనక్స్ లోపలే ఉత్తుత్తి డాస్ కంప్యూటరొకటి సృష్టించి, పాత డిస్కులోంచి తీసిన ప్రోగ్రామును అందులో పెట్టింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. అప్పలసూరికి ప్రాణం లేచివచ్చింది.

డ్రైవరు తవిటయ్య ఖాళీ లారీ వచ్చింది. ముందు చక్రాలు కాటా ఎక్కగానే అప్పలసూరి ఎప్పటిలాగే మీట నొక్కి టీ గ్లాసు అందుకున్నాడు. గ్లాసు పెదవికి తగిలేలోగా తెర మీద మూడు వేల కిలోలు పడింది.

“ఏటి బావా, నా లారీ సగం ఎక్కడికెల్లిపోనాది?” అన్నాడు తవిటయ్య చీటీ చూసి.

“లారీ పూర్తిగా ఎక్కాక నొక్కకూడదా సూరిగారూ?” అంది అనూరాధ.

“ఎక్కినా ఇంజను ఒణుకు తగ్గాల కదమ్మా. పాతది కాసేపాగి తూచీది. ఇది తొందరపడతంది.”

అనూరాధకి అర్థమైంది. ప్రోగ్రాం మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగుతుంది. కొత్త యంత్రం వేగానికి ఆ లెక్క చిటికెలో అయిపోతోంది. వేగం తగ్గించవచ్చు, కానీ ఎంత? అడుగుదామంటే పాత కంప్యూటరు బతికి లేదు.

“పాతదాంట్లో ఎంతసేపు పట్టేదండీ?”

“రెండు గుక్కలు.”

“ఏమిటీ?”

“టీ అమ్మా. నొక్కి రెండు గుక్కలు తాగీసరికి అంకె పడిపోయీది. పదారేళ్లూ అంతే.”

ఇక తవిటయ్య విసుక్కుంటూ లారీ ఎక్కించాడు, దించాడు. అనూరాధ వేగం మార్చింది. అప్పలసూరి చక్కెర లేని టీ తాగుతూ “ఇంకా తొందరే”, “ఇప్పుడు మరీ బద్దకం” అంటూ పోయాడు. ఐదో గ్లాసులో, రెండో గుక్క గొంతు దిగుతుండగా, తొమ్మిది వేల నూట నలభై పడింది. ఆ లారీ పాత చీటీలోనూ అంతే ఉంది. తన గొంతుకి ఇంత లెక్క తెలుసని అప్పలసూరికి గర్వం కలిగింది. దాచుకోలేదు కూడా.

సాయంత్రం పూలదండ వేశారు, మిక్చరు పొట్లాలు పంచారు, కొత్త తోలు చెప్పులు చేతిలో పెట్టారు. వాటిని తొడుక్కునే ముందు అతను చివరిసారి కాటా ఎక్కాడు. రోజారమణి మీట నొక్కి ఆగింది.

“అరవై, బాబాయ్!” అని కిటికీలోంచి అరిచింది.

పదహారేళ్ల సూరిల కింద ఇంకో సూరి చేరాడు. అప్పలసూరికి కడుపు నిండినట్టయింది. కొత్త చెప్పులు కిర్రుమనిపించుకుంటూ గేటు దాటి బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్న రోజారమణి గది తాళం తీసి, మొదటి లారీ రాకముందే కాటా దగ్గరికి నడిచింది. తన చెప్పులు విడవబోయి ఆగింది. అంచున, రోజూ ఉండే చోటే, మడమల దగ్గర అరిగిన నీలం పట్టీల హవాయి చెప్పులు కాటా వైపే తిరిగి ఉన్నాయి.